ఫారాలు పక్కన పెట్టండి, ముందు ఒక రాత్రి వార్డులో కూర్చోండి

ఆస్పత్రికి జనరేటర్ కొనే పని మీకు అప్పగించారు, ఏం కావాలో రాయమని అన్ని విభాగాలకూ ఫారం పంపితే "పెద్దది కావాలి" అని తప్ప ఎవరూ ఏమీ రాయలేదు, అంతే కదా? ముప్పై పడకల ఆస్పత్రిలో స్టోర్స్ చూసేటప్పుడు నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టాను.

వచ్చిన కాగితాల్లోని ఏసీలు, మోటార్లు, మెషీన్ల లోడ్లన్నీ కూడితే 140 కేవీఏ (జనరేటర్ సామర్థ్యాన్ని కొలిచే యూనిట్) దాటింది. కొటేషన్లు అడగబోతుంటే మా ఎలక్ట్రీషియన్ "కరెంటు బిల్లులు చూశారా సార్?" అన్నాడు. పన్నెండు నెలల బిల్లుల్లో ఆర్‌ఎండీ, అంటే ఆ నెలలో నమోదైన గరిష్ఠ వాడకం, ఎంత ఉందో చూశాం, మే నెలలో కూడా 54 కేవీఏ దాటలేదు. అన్నీ ఒకేసారి నడవవు కదా! అలాగని ఆ ఒక్క అంకె పట్టుకుని కొనకూడదు, లిఫ్ట్ మోటారు నేరుగా స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, ఎక్స్‌రే కూడా ఆ క్షణానికి గట్టిగానే లాగుతుంది.

అసలు విషయం మాత్రం నైట్ డ్యూటీ సిస్టర్ దగ్గర తెలిసింది. "ఏం కావాలమ్మా?" అని అడిగి ఉంటే ఆవిడ కూడా "పెద్దది" అనే అనేది. నేను "పోయినసారి కరెంటు పోయినప్పుడు ఏం జరిగింది?" అని అడిగాను. వాచ్‌మన్ లేచి, కిందికి వెళ్లి, స్టార్ట్ చేసి, లైన్లని జనరేటర్ మీదికి మార్చే చేంజోవర్ స్విచ్ తిప్పేసరికి ఐదు నిమిషాలు పట్టిందట, ఈలోగా రోగికి మందు కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపుల్లో పాత బ్యాటరీలు చచ్చిపోయాయట, ల్యాబ్ ఫ్రిజ్ అయితే అసలు జనరేటర్ లైన్లోనే లేదట. ఇవేవీ ఏ ఫారంలోనూ లేవు. మాకు లోటు కేవీఏలో లేదు, ఆ ఐదు నిమిషాల్లో ఉంది. చివరికి 82.5 కేవీఏ తీసుకున్నాం, కరెంటు పోగానే దానంతటదే స్టార్ట్ అయ్యేలా ఏఎంఎఫ్ ప్యానెల్ పెట్టించాం, పంపుల బ్యాటరీలు మార్చాం, ఫ్రిజ్‌కి లైను లాగించాం.

డీలర్లని ఇదంతా రాసుకున్నాకే పిలవండి, ముందే పిలిస్తే వాళ్ల దగ్గరున్న మోడలే మీ అవసరం అయిపోతుంది. స్పెసిఫికేషన్‌లో బ్రాండ్ పేరు వద్దు, కరెంటు పోయిన ఎన్ని సెకన్లకి సప్లై రావాలి, ఏ ఏ లైన్లకి రావాలి, శబ్దం ఎంత లోపు ఉండాలి, సర్వీసుకి ఎన్ని గంటల్లో రావాలి, ఇవి రాయండి. సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) జనరేటర్ల పొగకి పెట్టిన 4 ప్లస్ నిబంధనలకు సరిపోయేదే కావాలని కూడా రాయండి, పాత స్టాకు అంటగట్టే వీలుండదు. ఆర్డర్ ఇచ్చే ముందు ఆ కాగితం ఎలక్ట్రీషియన్‌కీ, నైట్ సిస్టర్‌కీ చదివి వినిపించండి, మా సిస్టర్ అప్పుడే ఆక్సిజన్ ప్లాంట్ లైను గుర్తు చేసింది.