అక్రిడిటేషన్ కార్డు లేకపోతే కేసు పెట్టకూడదా?

ప్రశ్న: హైదరాబాద్ శివారులో ఓ చిన్న యూట్యూబ్ న్యూస్ ఛానల్‌కు పనిచేస్తున్నాను. చెరువు పక్కన కడుతున్న గోడను రోడ్డు మీద నుంచే వీడియో తీశాను. బయల్దేరబోతుంటే నలుగురు వచ్చి బండికి అడ్డం నిలబడి, చెంపల మీద కొట్టారు. ఫోన్ లాక్కుని వీడియో డిలీట్ చేసి ఇచ్చారు. స్టేషన్‌లో 'అక్రిడిటేషన్ ఉందా? లేకపోతే కాంప్రమైజ్ అయిపో' అన్నారు. జర్నలిస్టులకు ప్రత్యేక చట్టం లేదా?

జవాబు: అక్రిడిటేషన్ అంటే ప్రభుత్వం విలేకరికిచ్చే గుర్తింపు కార్డు. దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదు ఇవ్వడానికి ఏ కార్డూ అక్కర్లేదు. రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అన్న మాటే విడిగా కనిపించదు. 19(1)(ఎ) కింద పౌరులందరికీ ఉన్న భావప్రకటన స్వేచ్ఛే విలేకరిదీ. సుప్రీంకోర్టు 1950లో రొమేశ్ థాపర్ కేసు నుంచీ ఇదే చెబుతోంది.

ప్రత్యేక చట్టాన్ని మహారాష్ట్ర అసెంబ్లీ 2017లో, ఛత్తీస్‌గఢ్ 2023లో ఆమోదించాయి. తెలంగాణలో రాలేదు. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చెయ్యి నరికి చంపింది ఈ నగరంలోనే. అయినా ఇక్కడ చట్టం లేకపోవడం నాకు మింగుడుపడదు. ప్రెస్ కౌన్సిల్ పరిధి పత్రికలు, వార్తాసంస్థల వరకే. కాబట్టి మీకు దిక్కు మామూలు క్రిమినల్ చట్టమే.

అసలు సంగతి ఫిర్యాదు రాయడంలో ఉంది. 'దాడి చేసి పత్రికా స్వేచ్ఛను హరించారు' అని రాసుకొస్తారు చాలామంది. దాంట్లో స్టేషన్ రైటర్‌కు సెక్షన్ దొరకదు. చెంపదెబ్బలొక్కటే రాస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 115(2), అది నాన్ కాగ్నిజబుల్, అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం, కోర్టుకెళ్లమంటారు. మీరు నాకు రాసిన 'బండికి అడ్డం నిలబడ్డారు' అన్న ముక్క ఫిర్యాదులోనూ ఉండాలి. అది 126(2), దారి అడ్డగించడం. శిక్ష నెల రోజులే అయినా కాగ్నిజబుల్ నేరం. అలాంటిది ఒక్కటున్నా బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 174(4) ప్రకారం కేసు మొత్తం కాగ్నిజబులే. అప్పుడు ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు సారాంశం ఇదే.

ఫోన్ లాక్కోవడం బీఎన్ఎస్ 304 (లాక్కుని దొంగిలించడం) కిందికి రావచ్చు. తిరిగి ఇచ్చేశారు కాబట్టి అది నిలబడుతుందా అన్నదాని మీద వాదన తప్పదు. జరిగింది జరిగినట్టే రాయండి. కోపంలో లేని కర్రనో కత్తినో చేర్చారంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉన్న నిజం కూడా కొట్టుకుపోతుంది.

ఆ ఫోన్‌తో ఇంకేమీ షూట్ చేయకండి. కొత్తవి దాని మీద పడకపోతే డిలీట్ అయిన వీడియోను ల్యాబ్‌లో తిరిగి తీసే అవకాశం ఉంటుంది. ఉస్మానియాకో గాంధీకో వెళ్లి కొట్టారని స్పష్టంగా చెప్పి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించుకోండి. బండి మీద నుంచి పడ్డానని మాత్రం చెప్పకండి, మొహమాటానికి కూడా.

ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) తీసుకోకపోతే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో డీసీపీకి పంపండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గర, దర్యాప్తుకు ఆదేశించమని బీఎన్ఎస్ఎస్ 175(3) పిటిషన్ వేయవచ్చు. పోస్టాఫీసు రసీదు భద్రం. డీసీపీకి పంపినట్టు రుజువు లేకపోతే ఆ పిటిషన్ నిలవదు.