అల్లుడికి, మత్తయి 24 గురించి

చిరంజీవి అల్లుడికి మామయ్య వందనాలు.

ఈసారి మీటింగుల్లో మూడు రోజులూ నువ్వే వాక్యం చెప్తున్నావట. అదీ మత్తయి 24, ఆలయం కూలడం గురించీ యుగాంతపు సూచనల గురించీ ప్రభువు చెప్పిన అధ్యాయం. "ఆ సూచనలన్నీ ఎప్పుడో జరిగిపోయాయంటాడంట తమ్ముడూ, సంఘం ఊరుకుంటుందా?" అని అక్క ఫోన్లో ఒకటే టెన్షన్. సింగరాయకొండ స్టేషన్లో పల్లీల పొట్లం కోసం ఏడ్చినోడు ఆ కాలపు యూదుల చరిత్రకారుడు జోసెఫస్‌ను చదువుతున్నాడంటే ముందు నవ్వొచ్చింది. తర్వాత నిద్ర పట్టలేదు.

నువ్వు చెప్పేది తప్పనను. "ఈ తరము గతింపదు" అన్నాడు ప్రభువు. నలభై ఏళ్లు తిరిగేసరికి, క్రీ.శ. 70లో, రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేమును పట్టుకుని ఆలయాన్ని తగలబెట్టింది. లూకా అయితే ఊరిని దండ్లు చుట్టుకోవడమని విప్పే రాశాడు. కొండలకు పారిపొమ్మన్నది యూదయలో ఉన్నవాళ్లను, ఒంగోలు వాళ్లను కాదు. విశ్వాసులు యొర్దాను దాటి పెల్లా అనే ఊరికి వెళ్లిపోయారని పాతకాలపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు, అదీ చెప్పు. మైకు ముందే చూసుకో. నలభై నిమిషాలు దాటించొద్దు.

ఇక నా సంగతి. 1990 మేలో తుపాను, 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం. అప్పుడు నాకు నోటి దూల ఎక్కువ. ప్రకటన గ్రంథంలో కూలిపోయే బబులోను ఇరాకే, ప్రభువు రాకడకు ఇక ఎంతో కాలం లేదని రాత్రి మీటింగులో అరిచాను. తేదీ మాత్రం చెప్పలేదు, అదే నా తెలివి. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒకాయన పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కూలీ. కూతురు పదో తరగతి. ఆయన పరీక్ష ఫీజు కట్టలేదు. నాకు తెలిసేసరికి పరీక్షలు అయిపోయాయి. పరిగెత్తాను. "ప్రభువే వస్తుంటే మార్కులెందుకు అయ్యగారూ?" అన్నాడు, నా మాటే నాకు అప్పజెప్తున్నట్టు. ఆ పిల్ల పందిరి కింద పొగాకు ఆకులు కర్రకు కడుతోంది. వేళ్లు జిగురుతో నల్లగా ఉన్నాయి. తలెత్తి "వందనాలు అయ్యగారూ" అని మళ్లీ ఆకు అందుకుంది. అంతే. మరుసటేడు ఫీజు నేను కడతానని వెళ్లేసరికి పెళ్లి కుదిరిపోయింది. ఆ వందనం ఇంకా నా చెవిలోనే ఉంది.

నేను రాబోయేదని చెడగొట్టాను, నువ్వు అయిపోయిందని చెప్తున్నావు, నీకేం సంబంధం అంటావేమో. ఉంది, వెర్రోడా. మనవాళ్లు వాక్యం విని దులుపుకుని పోరు, దాని మీద కాపురం చేస్తారు. రెండో రోజు ఊపులో రాకడ, పునరుత్థానం కూడా 70లోనే అయిపోయాయని జారతావేమోనని నా భయం. అట్లా అనేవాళ్లూ ఉన్నారు. పునరుత్థానం గతించిందన్న హుమెనైయు, ఫిలేతు గురించి పౌలు ఏమన్నాడో 2 తిమోతి రెండో అధ్యాయంలో చూసుకో. ఆలయం కూలింది, నిజమే. సమాధులు ఇంకా తెరుచుకోలేదు. చనిపోయినవాళ్లు లేస్తారని చెప్పే 1 కొరింథీ 15 జోలికి పోవద్దు.

అక్క ప్రతి ఈస్టరుకీ తెల్లారకముందే మీ నాన్న సమాధికి సున్నం వేయిస్తుంది, చూశావుగా. బకెట్టు నువ్వే మోస్తావు. ఆమె మూడు రోజులూ ముందు వరసలోనే కూర్చుంటుంది.

నేనూ వస్తున్నాను. వెనక బెంచీలో ఉంటాను, నా వైపు చూసి తడబడొద్దు. సాయంత్రం బస్టాండుకు బండి తీసుకురా, మోకాళ్లు బాగాలేవు.

మీ మామయ్య