అక్కడ ‘అక్కడ’ అన్నదే లేదు

అమ్మాయీ,

నీ ఐదు కథలూ రెండేసి సార్లు చదివాను. ప్రతి కథ చివరా స్టేటస్‌లో పెట్టుకోదగ్గ వాక్యం ఒకటుంది. అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ చమత్కారాలంటే ప్రాణమని రాశావు. నాకూ అంతే. అందుకే ఈ ఉత్తరం.

“అక్కడ ‘అక్కడ’ అన్నదే లేదు” అన్న ఆవిడ మాటని ఓక్‌లాండ్ ఊరిని వెక్కిరించడానికి వాడుతుంటారు. కాలిఫోర్నియాలోని ఆ ఊళ్లోనే ఆవిడ పెరిగింది. పద్దెనిమిదేళ్లు నిండకముందే అమ్మా నాన్నా పోయారు. 1903లో పారిస్ చేరి అక్కడే ఉండిపోయింది. 1934లో ఉపన్యాసాలివ్వడానికి అమెరికా వచ్చి, ఆ ప్రయాణంలోనే ఓక్‌లాండ్ కూడా వెళ్లింది. తను పెరిగిన పెద్ద ఇల్లు, పెద్ద తోట, యూకలిప్టస్ చెట్లు, గులాబీల కంచె, ఏవీ లేవు. ఆ మాట అందులోంచి పుట్టింది. చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. దాన్ని జోకని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఆవిడ మొదటి పుస్తకం 1909లో సొంత డబ్బుతో వేసుకుంది. ఈవిడకి ఇంగ్లిషు సరిగ్గా రాదేమోనని ప్రచురణ సంస్థ ఇంటికి మనిషిని పంపిందట! 1911కల్లా ముగించిన నవల, తొమ్మిది వందల పేజీలు దాటినది, 1925 దాకా పుస్తకంగా రాలేదు. రాత్రి ఆవిడ రాసింది పొద్దున్న ఆవిడ జీవిత సహచరి ఆలిస్ టోక్లాస్ కూర్చుని టైపు చేసేది. ఆ ఆలిస్ ఆత్మకథ అన్న పేరుతో తనే రాసిన పుస్తకం 1933లో వచ్చాకే ఎక్కువమంది ఆవిడని చదివారు. అప్పటికి 59 ఏళ్లు. అన్నేళ్లూ ఆవిడ రాస్తూనే ఉంది. అది తలుచుకుంటే నాకు చాలా ధైర్యం వస్తుంది, నీకూ రావాలి.

తర్వాత పెద్ద రచయిత అయిన హెమింగ్వే కుర్రవాడుగా ఉన్నప్పుడు తన రాతలో ఒక పుస్తకాన్ని పొగుడుతూ ఓ మాట జొప్పిస్తే, “వ్యాఖ్యలు సాహిత్యం కావు” అని చెప్పింది కూడా ఈవిడే.

నీ మూడో కథలో, ఇల్లు అమ్మేశాక కూడా నాయనమ్మ దాని తాళంచెవిని కొంగుకి కట్టుకుని తిరుగుతుంది. నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను. దాని కిందే “జ్ఞాపకానికి తాళం ఉండదు” అని రాశావు. అది కొట్టెయ్యి. రాత్రి పడుకునేటప్పుడు ఆవిడ ఆ తాళంచెవి ఎక్కడ పెడుతుందో రాసి, కథ మళ్లీ పంపు.

ఆశీస్సులతో.