ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చుంటోంది... ఏం చేయాలి?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు నిండాయి. ఎల్‌కేజీ చదువుతోంది. మూడో పుట్టినరోజుకు 12 కిలోలు ఉండేది, ఇప్పుడు 14. పెరుగన్నం, దోసె, బిస్కెట్లు, చాక్లెట్ పొడి కలిపిన పాలు తప్ప ఏదీ ముట్టుకోదు. పప్పులో కరివేపాకు కనిపించినా కంచం తోసేస్తుంది. మా అత్తగారు ఫోన్‌లో బొమ్మలు పెట్టి తినిపిస్తారు. ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట అలాగే కూర్చుంటుంది. ఒక్క పూటకు గంటన్నర పడుతోంది. బలవంతం చేస్తే వాంతి చేసుకుంటుంది. అన్నం తినలేదని అత్తగారు రోజుకు నాలుగు గ్లాసుల పాలు పడతారు. మావారు ఆకుకూర పక్కన పెట్టి ఆవకాయ కలుపుకుంటారు కానీ, పాపను మాత్రం ‘పక్కింటి బాబును చూసి నేర్చుకో’ అని కసురుతారు. నాకు తినిపించడం చేతకాదని ఇంట్లో అందరి మాట. భోజనాల వేళ అవుతోందంటేనే నాకు గుండె దడ. - ఓ సోదరి, గుంటూరు

జవాబు: ముందు బరువు సంగతి చూద్దాం. మీ ఇంట్లో ఈ గొడవంతా పాప చిక్కిపోతోందన్న భయం మీదే నడుస్తోంది కదా. ఏడాదిలో రెండు కిలోలు పెరిగింది. ఈ వయసులో పిల్లలు పెరిగేది అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం నాలుగేళ్ల ఆడపిల్లకు మధ్యస్థ బరువు 16.1 కిలోలు. 12.3 కన్నా తగ్గితే తక్కువ బరువుగా లెక్కిస్తారు. మీ పాప సన్నంగానే ఉంది, కానీ తన వరసలో తాను పెరుగుతోంది. పుట్టినప్పటి బరువుకు మొదటి ఏడాదిలోనే మూడింతలైన బిడ్డ, ఆ తర్వాత అంత వేగంగా పెరగదు. ఆ మేరకు ఆకలీ తగ్గుతుంది. దానికి తోడు, రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండిని చూసి జంకడం చాలామంది పిల్లల్లో కనిపించేదే. ఇందులో మీ చేతకానితనం ఏమీ లేదు. ఈ మాట మీ ఇంట్లో అందరికీ వినిపించేలా చదవండి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. నాలుగు గ్లాసులంటే దాదాపు 800 మిల్లీలీటర్లు. టోన్డ్ పాలైనా వాటిలోనే 480 కేలరీల దాకా ఉంటాయి. పంచదార, చాక్లెట్ పొడి కలిపితే ఆరొందలు దాటుతుంది. స్కూలు నుంచి రాగానే ఐదారు బిస్కెట్లు తింటే ఇంకో నూట ఇరవయ్యో, నూట యాభయ్యో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు కావాల్సింది సుమారు 1360 కేలరీలు. మీ పాప ఇంకా నాలుగేళ్లదే, బరువూ తక్కువే కాబట్టి అంతకన్నా కాస్త తక్కువే చాలు. అంటే కంచం ముందు కూర్చునేసరికే ఆమె అవసరంలో సగానికి పైగా తీరిపోతోంది. ఆకలి లేని నోట్లో ముద్ద పెడితే మింగదు, బుగ్గన పెట్టుకుంటుంది. అన్నం తినలేదని పాలు పడతారు, పాలు తాగింది కాబట్టి అన్నం తినదు. మీ ఇంట్లో మొదట విప్పాల్సిన ముడి ఇదే.

పాలు ఎక్కువైతే ఇంకో నష్టమూ ఉంది. పాలలో ఇనుము చాలా తక్కువ. పైగా భోజనంలోని ఇనుము ఒంటబట్టకుండా పాలలోని కాల్షియం కొంత అడ్డుపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం తేలింది. రక్తం తగ్గితే ఆకలి చచ్చిపోతుంది. పాలే ఆహారమై పీచు తగ్గితే మలబద్ధకం వస్తుంది, అదీ ఆకలిని చంపుతుంది. కాబట్టి మొదటి పనిగా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసు పిల్లలకు డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే. గత ఆరు నెలల్లో నులిపురుగుల మాత్ర వేయకపోతే అదీ అడగండి. అంగన్‌వాడీల్లో, బడుల్లో ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఉచితంగా వేస్తారు. అలాగే టార్చి వేసి దవడ పళ్లు చూడండి. పడుకునే ముందు తీపి పాలు తాగి, ముద్ద బుగ్గన దాచుకునే పిల్లలకు పళ్లు పుచ్చడం ఎక్కువ. పన్ను సలుపుతుంటే నమలడానికి భయపడతారు, ఆ సంగతి చెప్పడం వాళ్లకు తెలియదు. ఆకలి పెంచే సిరప్ మాత్రం ఎవరో చెప్పారని మందుల షాపులో అడిగి కొనకండి. వాటిలో చాలావరకు మత్తు కలిగించే అలర్జీ మందే ఉంటుంది. ఆపగానే ఆకలి మళ్లీ మొదటికొస్తుంది.

ఇక ఇంట్లో చేయాల్సింది. అన్నీ ఒకేసారి మారిస్తే మూడోరోజుకే ఇల్లు రణరంగమవుతుంది. వారానికొకటి చాలు.

మొదటి వారం పాలు, వేళలు మాత్రమే. నాలుగు గ్లాసులను రెండు చేయండి. ఒక్కోటి 150 నుంచి 200 మిల్లీలీటర్లు, ఒకటి ఉదయం టిఫిన్‌తో, ఒకటి సాయంత్రం చిరుతిండితో. తిండికి ముందు వద్దు, పడుకునే ముందు అసలే వద్దు. చాక్లెట్ పొడి రోజుకు అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి, ఒక్కసారిగా తీసేస్తే పాలే మానేస్తుంది. ఎనిమిదింటికి టిఫిన్, పదిన్నరకు స్కూల్లో ఒక పండు, స్కూలు నుంచి రాగానే ఒంటిగంటకు అన్నం, నాలుగున్నరకు చిరుతిండి, ఏడున్నరకు రాత్రి భోజనం. మధ్యలో రెండున్నర నుంచి మూడున్నర గంటల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. ‘ఒక్క బిస్కెట్టే కదా’ అన్న దగ్గరే చాలా ఇళ్లలో ఇది చెడుతుంది. ఆ ఒక్క బిస్కెట్టు భోజనం వేళకు వచ్చే ఆకలిని సగం చేసేస్తుంది. బిస్కెట్ల డబ్బా కనిపించే చోట ఉంచి వద్దనడం పిల్లను ఏడిపించడమే. కొనడమే మానేయండి. చిరుతిండికి ఉడికించిన శనగలో, అటుకులో, అరటిపండో, గుడ్డో పెట్టండి. వేరుశనగ గింజలు, ద్రాక్ష ఈ వయసులో గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. గింజలను పొడిచేసి, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి.

రెండో వారం ఫోను. ఒక్కసారిగా మూడు పూటలా తీసేయకండి. టిఫిన్ నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ఆమెకు ఇష్టమైన దోసె వచ్చేది అప్పుడే. మూడు నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం, ఆ తర్వాత రాత్రి. మొదటి మూడు నాలుగు రోజులు సగమే తింటుంది, ఏడుస్తుంది. అది ముందే అనుకుని ఉండండి. బొమ్మలు చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిందో లేదో తెలియదు, నోట్లో ఏముందో కూడా తెలియదు. ముద్ద బుగ్గనే ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం. అయితే ఆమెకు తీసేసి మీరు ముగ్గురూ టీవీ చూస్తే కుదరదు. ఇరవై, ముప్పై నిమిషాలు అందరూ ఒకేచోట కూర్చోండి. ముప్పై నిమిషాలకు కంచం తీసేయండి. తిన్నా సరే, తినకపోయినా సరే, ముఖం మాడ్చుకోకుండా తీయండి.

మూడో వారం కంచం. మన భోజనం వరస తెలుసు కదా, ముందు పప్పు, తర్వాత కూర, చారు, చివర పెరుగు. మీ పాప ఒకటి కనిపెట్టేసింది. మొదటివన్నీ వద్దంటే చివరికి పెరుగన్నం ఎలాగూ వస్తుంది. మీరేమో ‘పప్పు తింటేనే పెరుగన్నం’ అంటుంటారు. ఆ మాటతో పప్పు శిక్ష, పెరుగు బహుమతి అయిపోతాయి. బహుమతి మీద ఇష్టం పెరుగుతుంది, శిక్ష మీద కసి పెరుగుతుంది. అందుకే అన్నీ ఒకేసారి పెట్టేయండి. చిన్న కంచంలో ఒకవైపు రెండు మూడు పెద్ద చెంచాల పెరుగన్నం. కాస్త దూరంగా, దానికి తగలకుండా, నెయ్యి వేసిన పప్పన్నం ఒక చెంచా. ఇంకోవైపు బెండకాయ వేపుడు ఒకే ఒక్క ముక్క, ఆమె చిటికెన వేలి గోరంత. అంతే. గరిటెడు కూర చూస్తే పిల్లకు కొండ కనిపిస్తుంది, గోరంత ముక్క భయపెట్టదు. కావాలంటే మళ్లీ అడుగుతుంది. పెరుగన్నం తప్పకుండా ఉంది కాబట్టి పాప పస్తు ఉందన్న బాధా మీకు ఉండదు.

అన్నీ కలిపేసి ముద్దలు చేయడం ఆపండి. కలిపితే లోపల ఏముందో ఆమెకు కనపడదు. ఒకసారి పంటికింద కరివేపాకు తగిలిందంటే పప్పన్నం మొత్తం మీదే నమ్మకం పోతుంది. ఆకుకూర రుబ్బి దోసె పిండిలో దాచిపెట్టడంలోనూ ఇదే చిక్కు, దొరికిపోయిన రోజున దోసె కూడా మానేస్తుంది. పాలకూర దోసె వేస్తే ‘పాలకూర దోసె’ అనే చెప్పండి. కరివేపాకు, ఆవాలు ఆమెకు పడనప్పుడు పప్పు తాలింపు వేయకముందే ఆమె వాటా తీసి, నేతిలో జీలకర్ర వేయించి కలపండి. రోజూ విడిగా వంట చేయడం వద్దు గానీ, ఇంత సర్దుబాటు చేయొచ్చు. రెండు నెలలకు అందరి పప్పే తింటుంది.

కొత్త కూరను ఒక పిల్ల ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు కంచంలో కనిపించాల్సి రావచ్చు. చాలామంది మూడోసారికే ‘దీనికి బెండకాయ పడదు’ అని తేల్చేస్తారు. ఆ గోరంత ముక్కను ఆమె చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం, నాకి ఉమ్మేయడం ఇవన్నీ తినడానికి మెట్లే. ఉమ్మేస్తే తిట్టకండి, పక్కన చిన్న గిన్నె పెట్టి ‘వద్దనిపిస్తే ఇందులో వేసెయ్యి’ అనండి. మింగక్కర్లేదని తెలిస్తేనే నోట్లో పెట్టుకునే ధైర్యం వస్తుంది. తిన్నప్పుడు చప్పట్లు కూడా వద్దు. అదీ ఒక రకం ఒత్తిడే. ‘ఇది కరకరలాడుతోంది కదూ’ అంటే చాలు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోవాలి అనేవి పెద్దల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పాప పని. అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన విభజన ఇది. మీ ఇంట్లో ప్రస్తుతం ఇది తలకిందులుగా ఉంది. ఏం పెట్టాలో పాప నిర్ణయిస్తోంది, ఎంత తినాలో మీరు నిర్ణయిస్తున్నారు.

మీ అత్తగారి విషయానికొద్దాం. ఆవిడ మనవరాలి మీద ప్రేమతోనే గంటన్నర కూర్చుంటున్నారు. పాలు తగ్గించమంటే తన చేతిలోంచి పాపను లాక్కున్నట్టు అనిపించవచ్చు. కాబట్టి భోజనాల వేళ, పాప ముందు ఈ మాట ఎత్తకండి. మీవారిని కూడా కూర్చోబెట్టి, మధ్యాహ్నం తీరికవేళ చెప్పండి: ‘అత్తయ్యా, ఒక నెల పాలు తగ్గించి చూద్దాం. ఇవాళ బరువు తూచి రాసి పెడదాం. నెల తిరిగేసరికి తగ్గిందంటే మీరు ఎలా అంటే అలాగే చేద్దాం.’ ఆవిడకు పని తగ్గించకండి, మార్చండి. తోటకూర వలిచేటప్పుడు, చిక్కుడుకాయలు తుంచేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోమనండి. చేత్తో తుంచిన కాయ కంచంలో కనిపిస్తే కొత్తదనిపించదు. రాత్రి పాలగ్లాసు స్థానంలో ఆవిడ చెప్పే కథ రావాలి. ‘ఆకలితో పడుకోబెడతామా’ అని తొమ్మిదింటికి ఆవిడ మనసు కరగడం సహజం, అక్కడ ఈ కథే కాపాడుతుంది.

మీవారికి ఒకటే చెప్పండి. పక్కింటి బాబు మాట ఈ ఇంట్లో మళ్లీ వినిపించకూడదు. ఆయన ఆకుకూర పక్కన పెట్టినంతకాలం పాప కూడా పెడుతుంది. ఆమె చూస్తున్నది ఆయన కంచాన్నే. రోజూ రెండు ముద్దలు తోటకూరతో, ఏ ప్రకటనా చేయకుండా తింటే చాలు.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఈ వారాలన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. బరువు తగ్గుతున్నా, ఆరు నెలలుగా పెరగకపోయినా, తినేటప్పుడు తరచూ పొలమారుతున్నా, మెత్తనివి తప్ప ఏవీ నమలలేకపోతున్నా, మట్టి, సున్నం, బలపాలు తింటున్నా, తినే రకాలు నెలనెలా తగ్గిపోతున్నా, మాటలు ఆలస్యమై పిలిచినా పలకకపోతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

మీరు తినిపించే పని నుంచి ఈ నెల బయటికి రండి. పాప పక్కన కూర్చుని మీ అన్నం మీరు వేడివేడిగా తినండి. తన చేత్తో ఒళ్లంతా పూసుకున్నా తనే తిననివ్వండి, కింద పాత దుప్పటి పరిచి పెట్టుకోండి. మూడు నాలుగు వారాలయ్యాక పాప ఎంత బరువుందో, రోజుకు ఎన్ని పాలు తాగుతోందో, భోజనానికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాయండి. అవి చూసి తర్వాతి సంగతి ఆలోచిద్దాం.