రెండో అంకె కూడా అడుగు

అమ్మడూ,

2029లో ఇక్కడి ఐర్లండ్ స్థానిక ఎన్నికల్లో, డబ్లిన్ పక్కనున్న ఫింగల్ కౌంటీ కౌన్సిల్‌కి ఆంగర్ ఏరియా నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడతావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సగం ఏడుస్తూ సగం మురిసిపోతూ. నా పరిస్థితీ అంతే. అందుకే ఈ ఉత్తరంలో నాలుగు మొట్టికాయలు కూడా ఉంటాయి, ఓర్చుకో.

ఐరిష్ పాస్‌పోర్టు రాలేదని బెంగ వద్దు. పద్దెనిమిదేళ్లు నిండి ఇక్కడ స్థిరంగా ఉంటే పోటీ చెయ్యొచ్చు, ఓటూ వెయ్యొచ్చు. పార్లమెంటు ఎన్నికలు వేరు, ఆ రెండూ కలిపి చూడకు. నామినేషన్‌కి ఆ ఏరియా ఓటర్లు పదిహేను మంది మద్దతన్నా ఉండాలి, 100 యూరోల డిపాజిట్ అన్నా కట్టాలి. కట్టెయ్. కోటాలో, అంటే గెలవడానికి అందుకోవాల్సిన ఓట్లలో, నాలుగో వంతు దాటితే తిరిగొస్తుంది.

ఫింగల్‌లో 40 సీట్లు, ఏడు ఏరియాలు. మొన్న 2024లో ఆంగర్‌కి ఐదు సీట్లు. ఎన్నికల ముందు సరిహద్దు గీతలు జరగొచ్చు, కాబట్టి మ్యాపు మళ్లీ చూసుకో. మనవాళ్లు వెయ్యిమంది ఉన్నారని లెక్కలెయ్యకు. బ్లాంచర్డ్స్‌టౌన్ వైపు ఉన్నవాళ్లంతా నీ ఏరియాలో ఉండరు, ఉన్నవాళ్లలో సగం మంది జాబితాలో పేరుందో లేదో చూసుకోరు. పిపిఎస్ నంబరు (ప్రభుత్వం మనిషికిచ్చే నంబరు), ఎయిర్‌కోడ్ (ఇంటి పోస్టు కోడు), పుట్టినతేదీ ఉంటే ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. ఆఖరి వారాల్లో కొత్త పేర్లు చేర్చరు. మార్చికల్లా ఆ పని ముగించు.

ఇక అసలు సంగతి. మనవాళ్లు ఇక్కడ పోటీకి దిగితే చేసే పాత తప్పు ఒకటుంది: ఊళ్లో గుర్తు మీద ముద్ర గుద్దించుకున్నట్టు “ఒకటి నాకే, ఇంకెవరికీ వద్దు” అని తిరగడం. ఇక్కడ ముద్ర లేదు, అంకెలు. ఇష్టమైనవాళ్లకి 1, తర్వాతివాళ్లకి 2, 3, అలా.

ఐదు సీట్లకి చెల్లిన ఓట్లు 9,000 అనుకో. సీట్లకి ఒకటి కలిపి ఆరుతో భాగించు, 1,500. దానికి ఒకటి కలిపితే కోటా 1,501. ఐదుగురే దాన్ని అందుకోగలరు, ఆరోవాడికి ఓట్లు మిగలవు. ఒకామెకి 1,801 వస్తే ఎక్కువైన 300 వృథా కావు, ఆమె కాగితాల మీది రెండో అంకెల దామాషాలో మిగతావాళ్లకి పోతాయి. ఎవరూ కోటా చేరకపోతే అట్టడుగున ఉన్నవాణ్ణి తీసేసి, అతని కాగితాల్లో తర్వాతి అంకె చూస్తారు.

ఇప్పుడు నీకు 780, నీ ముందున్నతనికి 900 వచ్చాయనుకో. కిందివాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే నీకు 350, అతనికి 150 చేరాయి. నువ్వు 1,130, అతను 1,050. ఆ 350 ఎక్కడివి? “నా ఒకటి ఎప్పుడూ ఫలానా ఆయనకే” అని తలుపు దగ్గర చెప్పిన పెద్దావిడవి. మనవాళ్లు అక్కడ థాంక్స్ చెప్పి గేటు దాటేస్తారు, తల్లీ! ఆ మాటకే నవ్వి, “మరి మీ రెండు నాకిస్తారా?” అని అడగాలి.

ఇంకోటి. మీవాళ్లు 2 ఇంకొకరికి రాస్తే నీ 1 తగ్గదు. నువ్వు గెలిచాకో ఓడాకో తప్ప ఆ అంకె వైపే చూడరు. “నాకొక్కదానికే” అంటే నీకొచ్చేది సున్నా, పక్క అభ్యర్థి మనుషుల్లో మంట మాత్రం పుడుతుంది. ఒకే ఏరియాలో ఇద్దరు భారతీయులు ఇలా బిగుసుకుంటే ఇద్దరూ మునుగుతారు. మొహమాటపడి ఇద్దరికీ 1 రాసే ఇళ్లు కూడా ఉంటాయి, ఆ కాగితం చెల్లదు. వాళ్లకి ముందే విడమరిచి చెప్పు.

నాకు నిద్ర పట్టనిది మాత్రం డబ్బు సంగతి. మీ మావయ్య గుంటూరు నుంచి పంపిస్తానంటాడు, చూస్తూ ఉండు. వద్దు. ఐర్లండ్ దీవి బయట ఉంటూ ఐరిష్ పౌరులు కానివాళ్ల దగ్గర రూపాయి ముట్టకూడదు. ఇక్కడివాళ్లయినా ఏడాదికి మనిషికి వెయ్యి యూరోలే, నగదైతే 200 దాటకూడదు, పేరు చెప్పకుండా ఇచ్చేది 100 మించకూడదు. వంద దాటిన మొదటి విరాళానికే విడి బ్యాంకు ఖాతా తెరువు. పోలింగ్ అయిన 90 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి, ఓడినా సరే.

పోస్టర్ మీద ప్రింటరు, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. పోలింగ్‌కి 30 రోజుల కన్నా ముందు కట్టకూడదు, అయిన ఏడు రోజుల్లో విప్పాలి. నిచ్చెన నువ్వెక్కకు.

“కౌన్సిల్ ఇల్లు ఇప్పిస్తాను, ప్లానింగ్ పర్మిషన్ తెప్పిస్తాను” అని నోరు జారకు. ఆ నిర్ణయాలు కౌన్సిల్ పెద్ద అధికారి అయిన చీఫ్ ఎగ్జిక్యూటివ్‌వి. బడ్జెట్, డెవలప్‌మెంట్ ప్లాన్ లాంటివి కౌన్సిలర్లవి. మన ఊరి కార్పొరేటర్‌ని ఊహించుకుని వచ్చేవాళ్లకి ఇది ముందే చెప్పాలి, తర్వాత తిట్లు తినేకన్నా.

లెక్కింపు మొదటి రోజున లెక్కించే బల్లల ముందున్న అడ్డుకంచెకి ఇవతల నలుగుర్ని నిలబెట్టు. డబ్బాలు తెరిచి కాగితాలు విప్పేటప్పుడు పైనుంచి చూసి ఏ డబ్బాలో నీకెన్ని 1లు, ఎవరి 1 పక్కన నీ 2 ఉందో గీతలు గీసుకోవాలి. దాన్నే టాలీ అంటారు. యూరోపియన్ ఎన్నికలు కూడా అదే రోజయితే ముందు కాగితాలు విడదియ్యడానికే పొద్దు గడిచిపోతుంది. రాత్రి రెండింటిదాకా కూర్చోవాల్సి వస్తుంది. పులిహోర నేను పట్టుకొస్తాను, నువ్వు స్వెట్టరు మర్చిపోకు.

మీ పెదనాన్న