డయాలసిస్‌లో ఉన్నవారు విటమిన్ డి సాచెట్లు వాడొచ్చా?

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. రోజూ కాల్సిట్రియాల్ 0.25 మైక్రోగ్రాముల క్యాప్సూల్ వేసుకుంటున్నా విటమిన్ డి 14 అని వచ్చింది. మందుల షాపులో 60 వేల యూనిట్ల సాచెట్లు ఇచ్చి, వారానికొకటి పాలలో కలిపి తాగమన్నారు. రెండూ వాడొచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: క్యాప్సూల్ వాడుతున్నా 14 రావడంలో వింతేమీ లేదమ్మా. మీరు చేయించిన 25-హైడ్రాక్సీ విటమిన్ డి (ఒంట్లో డి నిల్వలు చూసే) పరీక్షలో కాల్సిట్రియాల్ లెక్కకు రాదు. ఎండ నుంచి వచ్చినా, సాచెట్ నుంచి వచ్చినా విటమిన్ డి ముందు కాలేయంలో, తర్వాత కిడ్నీలో మారితేనే ఒంటికి పూర్తిగా పనికొస్తుంది. మీవారి కిడ్నీలు ఆ పని చేయలేవు కాబట్టే అలా మారిన రూపంలోనే ఉన్న కాల్సిట్రియాల్‌ను క్యాప్సూల్‌గా ఇస్తున్నారు. సాచెట్ వచ్చిందని దాన్ని మానకండి. నిల్వలు తగ్గినప్పుడు కొన్ని వారాలు రెండూ ఇస్తాం కూడా. అయితే కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్) చూడకుండా మొదలుపెట్టకూడదు.

కాల్సిట్రియాల్ పేగుల్లో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్‌నూ ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది. డయాలసిస్ ఫాస్ఫరస్‌ను కొంతవరకే తీస్తుంది. ఈ రెండూ పెరిగితే రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకుంటుంది. అందుకే కాల్షియం 10.2 దాటినా, ఫాస్ఫరస్ బాగా పెరిగినా క్యాప్సూల్ తగ్గిస్తాం, లేదా ఆపుతాం. ఇక్కడ ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) కూడా చూడాలి. అది 4 కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియానికి 0.8 కలుపుతాం. రిపోర్టులో కాల్షియం 9.6, ఆల్బుమిన్ 3 ఉంటే అసలు లెక్క 10.4. చూడటానికి నార్మల్, నిజానికి హద్దు దాటింది.

పీటీహెచ్ పక్కన ‘హై’ అని ఉంటే కంగారు పడకండి. డయాలసిస్‌లో ఉన్నవారికి అది నార్మల్ గరిష్ఠానికి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉండొచ్చు. ల్యాబ్ పరిమితి 65 అయితే సుమారు 130 నుంచి 585. కాల్సిట్రియాల్ మోతాదు పెంచి పీటీహెచ్‌ను మరీ దించేస్తే ఎముకలో మరమ్మతు మందగించి, విరిగే ముప్పు పెరుగుతుంది.

పాల సలహా మాత్రం వద్దు. ఒక గ్లాసు పాలలో దాదాపు 200 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. డాక్టర్ సాచెట్ వాడమంటే భోజనం కాగానే కొద్దిపాటి నీళ్లలో కలిపి ఇవ్వండి, ఆ నీళ్లనూ రోజుకు తాగాల్సిన నీళ్ల లెక్కలో వేయండి. ఒళ్లు నొప్పులకని 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఎవరైనా వేస్తామన్నా, డి3 కలిసిన కాల్షియం మాత్రలిచ్చినా, నెఫ్రాలజిస్ట్‌కు (కిడ్నీ డాక్టర్‌కు) చెప్పకుండా తీసుకోవద్దు. వాంతులు, మలబద్ధకం, మగత కనిపిస్తే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే కాల్షియం పరీక్ష చేయించండి.