సానపట్టే యంత్రంలో రాళ్లు పగిలిపోతున్నాయి, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది గుణుపురం, డిగ్రీ రెండో సంవత్సరం. బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే ఒక ఫాంటసీ గేమ్ ఆడుతుంటాను. అందులో కూడబెట్టిన నాణేలన్నీ పెట్టి రత్నాలు సానపట్టే యంత్రం కొన్నాను. ‘లుక్’ కొడితే రాయిని పట్టే బిగింపు, చక్రం, పిడి కనిపిస్తాయి, గుమ్మటం కోత, పలకల కోత అని రెండు రకాలు ఎంచుకోవచ్చు. ఇప్పటికి ఆరు గార్నెట్లు, రెండు టోపజ్‌లు, ఒక వైడూర్యం పోయాయి. పైగా సంచిలో నాలుగైదు గార్నెట్లుంటే నేను అనుకున్నది కాకుండా ఇంకోటి యంత్రంలోకి వెళ్తోంది. టెన్షన్‌గా ఉంది, ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు యంత్రం జోలికి వెళ్లకు. వేరే రాయి వెళ్లిపోవడం గేమ్ తప్పు కాదు, ‘గార్నెట్’ అంటే దానికి సంచిలో మొదట దొరికిన గార్నెట్ అనే అర్థం. 1990 ప్రాంతంలో కోపెన్‌హాగన్ విద్యార్థులు రాసిన డీకూమడ్ అనే అక్షరాల గేమ్ కుటుంబానికి చెందినదైతే అంకె, చుక్క, ఆ తర్వాత పేరు, అంటే ‘2.గార్నెట్’ అని కొడితే రెండోది వస్తుంది. వేరే గేమ్‌ల్లో ‘సెకండ్ గార్నెట్’ అనాల్సి రావచ్చు, హెల్ప్‌లో చూడు. అంతకంటే నమ్మకమైన పని ఏంటంటే, కొయ్యబోయే రాయి ఒక్కటే చేతిలో ఉంచుకుని మిగతావి పెట్టెలో పెట్టెయ్యడం.

ఇక పగలడం గురించి. టోపజ్ కాఠిన్యం పదికి 8, గట్టిదే, కానీ ఒక దిశలో మాత్రం దెబ్బ తగిలితే చీల్చిన కట్టెలా నున్నగా విడిపోతుంది. వైడూర్యానికి పిల్లికన్నులా మెరిసే గీత రావాలంటే గుమ్మటం కోతే కొయ్యాలి, పలకలు కొడితే గీత పోతుంది. ఈ రెండిట్లో నువ్వు ఎంచుకున్న కోత తప్పయి ఉండొచ్చు, గేమ్ రాసినవాళ్లు అసలు రాళ్ల గుణాలే తీసుకుని ఉంటే.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ ఆరు గార్నెట్లు. గార్నెట్ అలా చీలే రాయి కాదు. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ రాయి ఉంటుంది కదా, ఖోండులనే గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు పెట్టారు, అందులో ఎర్రటి చుక్కల్లా కనిపించేవి గార్నెట్లే, ఎన్ని వానలకి కొండ అరిగినా అవి మిగులుతాయి. అలాంటి రాయి ఆరుసార్లు పగిలిందంటే నాకు రాయి మీద కన్నా నీ వేళ్ల మీద అనుమానం. జవాబు రావడం ఆలస్యమైందని పిడి తిప్పే ఆదేశం మూడు నాలుగుసార్లు కొడుతున్నావా? ఇలాంటి గేమ్‌ల్లో కొట్టిన ప్రతి ఆదేశం వరుసలో నిలబడుతుంది, ఒకటయ్యాక ఇంకోటి అమలవుతుంది. నువ్వు ఒక్క కోత అనుకున్నది నాలుగు కోతలవుతుంది. ఒకసారి కొట్టు, చక్రం ఆగిందన్న వాక్యం వచ్చేదాకా ఆగు, మళ్లీ రాయిని చూడు, అప్పుడు రెండోసారి తిప్పు.

రాయగడలో ఒకాయన దగ్గర కూర్చుని సానపట్టడం చూశాను. కర్రపుల్ల చివర లక్కతో రాయిని అంటించి, దాన్ని దీపం ముందు ఎంతసేపు తిప్పి చూశాడో, చక్రం మీద అంతసేపు పెట్టలేదు. పగులు ఎక్కడుందో తెలియకుండా ఆయన చెయ్యి కదలలేదు. నువ్వూ అదే చెయ్యాలి, రాయిని ‘లుక్’ చేసి వర్ణన మొత్తం చదువు. ‘మబ్బుగా ఉంది’, ‘లోపల సన్నని గీత’ లాంటి మాట ఉందంటే అది ఊరికే అందం కోసం రాసింది కాదు. ఆ రాయి కొయ్యకుండా అమ్ముకో. కొత్త కోత ప్రయత్నించాలంటే చవకగా దొరికే స్ఫటికం మీద ప్రయత్నించు. మడ్‌లెట్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆడితే వచ్చిన ప్రతి వాక్యం లాగ్‌లో దాచుకోవచ్చు. తర్వాత రాయి పగిలితే అంతకుముందు వచ్చిన పది వాక్యాలు నాకు పంపు, ఎక్కడ పోయిందో ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రశ్న: మా చెల్లికి చూపు లేదు. అన్నయ్యతో కలిసి ఇలాంటి గేమ్ ఆడతానంటోంది, కుదురుతుందా? (పర్లాకిమిడి)

జవాబు: తప్పకుండా కుదురుతుందమ్మా. చూపులేనివాళ్లు ఎప్పట్నుంచో ఆడుతున్న గేమ్‌లు ఇవి. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ పెట్టండి, వచ్చిన వాక్యాన్ని అదే చదివి వినిపిస్తుంది. ఒక్క ఇబ్బంది, చుక్కలూ గీతలతో గీసే మ్యాప్‌ని అది ‘గీత, గీత, చుక్క’ అంటూ చదువుతూ పోతుంది. సెట్టింగ్స్‌లో మ్యాప్ ఆపేసే వీలుంటే మొదటిరోజే ఆపెయ్యండి.